ముప్ఫై మూడో పంక్తి

…అయినా ఆ వాక్యం అంత పొట్టిది కాకపోతే తను దాని జోలికి వెళ్ళి ఉండేవాడు కాదు. పొడుగు వాక్యానికి బలగం ఉంటుంది. దాన్ని తీసేస్తే గోడలో ఇటుక ఊడినట్టు చోటు బోసిపోతుంది. పొట్టి వాక్యానికి ఆ ధీమా లేదు. పెళ్ళిపందిట్లో స్తంభం పక్కన నిలబడ్డ బీదచుట్టం లాంటిది. భోజనం చెయ్యకుండా వెళ్ళిపోయినా ఎవరూ వెనక్కి పిలవరు. రష్యన్‌లో ఆరే మాటలు. ఆ ఆరు మాటలూ తీసేసిన రోజు తనకి భయం వెయ్యలేదు. హాయిగా అనిపించింది. పేజీ సరిపోయిందన్న హాయి. మనిషి చేసే తప్పుల్లో సగానికి పైగా దుర్మార్గంలోంచి పుట్టవనీ, అన్నీ చక్కగా సర్దెయ్యాలన్న కోరికలోంచి పుడతాయనీ తొమ్మిదేళ్ళ తర్వాత కనిపెట్టాడు. కనిపెట్టి ఏం లాభం?

కందాళ పరాంకుశం మేడమెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఏప్రిల్ నెల, ఇంకా ఎనిమిది కొట్టలేదు. అప్పుడే గంగరేవు ఊరి మీద ఎండ పెనం మీద నూనెలా పాకుతోంది. చేతిలో ఇత్తడి చెంబు. చేపలమ్మే దానమ్మ వచ్చే వేళయింది.

తొమ్మిదేళ్ళ కిందట సోవియట్ దేశం నుంచి ‘కర్కోటక’ ఈ రేవుకి వచ్చింది. బూడిదరంగు ఒళ్ళు, ముక్కు దగ్గర రాకెట్ గొట్టాలు, లోపలంతా లేతాకుపచ్చ రంగు, గదుల్లో డీజిలుతో కలిసిపోయిన క్యాబేజీ వాసన. వాళ్ళ లెక్కలో ఓడకి పేరు కంటే ముందు ప్రాజెక్టు నంబరు పుడుతుంది. ఆ తర్వాత ఒకటి నుంచి నాలుగు దాకా శ్రేణి. ఆ పైన క్లాసు: పెద్ద జలాంతర్గామి నిరోధక నౌక, చిన్న జలాంతర్గామి నిరోధక నౌక, గస్తీ నౌక, రాకెట్ పడవ, ఇలాగ. విమానాలు మోసే ఓడని సైతం వాళ్ళు ‘విమానాలు మోసే భారీ క్రూయిజరు’ అనే రాసుకున్నారు. అసలు పేర్లు తెలియని పాశ్చాత్యులు అవే ఓడలకి తమకి తోచిన ముద్దుపేర్లు పెట్టి పట్టికలు వేసుకున్నారు. ఒక్కో ఓడకి మూడేసి పేర్లు. ఏ పేరుతో పిలిచినా ఓడ మాత్రం పలికేది కాదు. వర్గాలు లేని సమాజం కడుతున్న దేశం ఓడల్లో ఇన్ని వర్గాలెందుకు పెట్టిందని, రష్యన్ నేర్చుకునే రోజుల్లో పరాంకుశం గురువుగారిని అడిగాడు. ఆయన లేచి కిటికీ మూసి, అది పరీక్షలో రాదన్నాడు.

కర్కోటక చిన్న జలాంతర్గామి నిరోధక నౌక. దాని క్లాసులో పుట్టిన తక్కిన ఓడలు కొన్ని ఎక్కడో ఉత్తరాన, సముద్రం గడ్డకట్టే చోట తిరిగేవి. అందుకని ఓడతో పాటు రెండు సరుకులు దండిగా వచ్చాయి. ఒకటి చలిసామాను: నూట ఇరవై జతల ఉన్ని బూట్లు, చెక్క సమ్మెటలు, గునపాలు. రెండోది కాగితం: నలభై పెట్టెల నియమావళి. చలిసామాను గోదాములోకి వెళ్ళింది. కాగితం నౌకా నియమపత్రాల కార్యాలయంలోకి వెళ్ళింది. ఆ కార్యాలయంలో రష్యన్ వచ్చిన ఒకే ఒక్కడు పరాంకుశం. నలభై పెట్టెలూ ఇంగ్లీషులోకి మార్చడం అతని ఉద్యోగం.

కార్యాలయానికి ఒక పద్ధతి ఉంది. పుటకి పుట, పంక్తికి పంక్తి. మూలంలో ఒక పుటలో ముప్ఫై రెండు లైన్లుంటే అనువాదంలోనూ ముప్ఫై రెండే ఉండాలి. పుట అడుగున ‘పంక్తులు: 32’ అని టైపు చేసి, పక్కన అనువాదకుడు పొడి అక్షరాలు పెట్టాలి. రష్యన్ తెలియని పై అధికారులు అనువాదం సరిగ్గా ఉందో లేదో తెలుసుకోడానికి కనిపెట్టిన మార్గమిది. లైన్లు ఎవరైనా లెక్కపెట్టగలరు.

రెండు వందల పద్నాలుగో పుట దగ్గర పరాంకుశానికి ముప్ఫై మూడు వచ్చాయి.

గంటసేపు కుస్తీ పట్టాడు. విశేషణాలు కోశాడు. రెండు మాటల్ని ఒకటి చేశాడు. ఆ పుటలో పదిహేడో అధ్యాయం మొదలవుతుంది: ‘ఓడపై పేరుకున్న మంచును తొలగించుట’. అయిదు సెంటీమీటర్లకి తగ్గని మంచుని గునపాలతో, సమ్మెటలతో రెండు గంటలకి తగ్గకుండా పగలగొట్టాలని, ఈ కసరత్తు మూడు నెలలకోసారి చేసి ఓడ జీవిత పుస్తకంలో సంతకం పెట్టాలని ఉంది. ఇవన్నీ ముఖ్యమైన వాక్యాలు. అన్నిటికంటే పైన ఒక పొట్టి వాక్యం ఉంది. ‘ఈ అధ్యాయం ఉత్తర సముద్రాలకు మాత్రమే.’ గంగరేవులో ఆ మాట వేరే చెప్పాలా అనుకున్నాడు. తీసేశాడు. ముప్ఫై రెండు. ఆ సాయంత్రం రెండు కప్పుల కాఫీ తాగాడు.

తొమ్మిదేళ్ళ పాటు ఏమీ కాలేదు. ఓడలో ఎవరు పనిచేసినా పదిహేడో అధ్యాయం రాగానే నవ్వుకుని పుట తిప్పేసేవాళ్ళు. కానీ నవ్వు నియమావళిలో లేదు. ఈ జనవరిలో రాజధాని నుంచి నవ్వని తనిఖీ అధికారి ఒకాయన వచ్చాడు. జీవిత పుస్తకంలో మంచు గడి ఖాళీగా ఉండటం చూశాడు. ఏడాదికి నాలుగు చొప్పున ముప్ఫై ఆరు సంతకాలు లేవు. ముప్ఫై ఆరు పర్యాయాలు ఈ నౌక మంచు బారి నుండి రక్షణ పొందలేదనీ, అయినా మునగకపోవడం కేవలం యాదృచ్ఛికమనీ, సంతకాలన్నీ పూర్తయ్యేదాకా నౌకని సముద్రయానానికి అనర్హంగా భావించాలనీ రాసి వెళ్ళిపోయాడు.

డైరెక్టరు పెన్మెత్స సుభద్రరాజు గారు ఆ కాగితాన్ని అవమానంగా తీసుకోలేదు, అవకాశంగా తీసుకున్నారు. ఆయన ఎన్నడూ సముద్రం మీదికి వెళ్ళినవారు కాదు. రేవు దాటే నాటుపడవలో కూడా ఆయనకి కళ్ళు తిరిగేవి. అందుచేతే ఓడలంటే ఆయనకి మచ్చలేని గౌరవం. వెంటనే సమావేశం పెట్టారు. ఈ ఊళ్ళో మంచు పడదు కదండీ అని ఎవరో వెనక వరసలోంచి గొణిగారు.

“క్లాసు అంటే క్లాసే,” అన్నారు సుభద్రరాజు గారు. “ఒకే క్లాసులో ఒక ఓడ ధ్రువం దగ్గర ఉండొచ్చు, ఇంకోటి గంగరేవులో ఉండొచ్చు. అది భౌగోళిక విషయం. మనది పాలనా విషయం.”

మొదటి కసరత్తుకి చేపలరేవు ఐసు ఫ్యాక్టరీ నుంచి నాలుగు దిమ్మలు తెప్పించారు. కొట్టి డెక్కు మీద పరిచారు. ఇరవై నిమిషాల్లో నీళ్ళయిపోయింది. తక్కిన గంటా నలభై నిమిషాలూ ఖలాసీలు తడి ఇనుమునే సమ్మెటలతో బాదారు. నివేదిక పంపితే రాజధాని నుంచి జవాబు వచ్చింది: మంచు తొలగినది గాని తొలగించబడలేదు; కసరత్తు చెల్లదు.

అప్పుడు హిమ నివారణ స్థాయీసంఘం ఏర్పడింది. నివారించడానికి ముందు మంచు ఉండాలి గనక, అదే సంఘం కింద హిమ సరఫరా విభాగం కూడా వెలిసింది. డెక్కు మీద తాటాకు పందిరి వేశారు. వరిఊక, గోనెసంచులు తెచ్చారు. నాలుగు దిమ్మలు చాలవని లెక్కగట్టి నలభై చేశారు. పాత సంతకాల బాకీ తీరాలంటే మూణ్ణెల్లకోసారి కుదరదని, వారానికోసారి అన్నారు. నియమావళిలో ‘మంచు ఏర్పడుటను గంటగంటకు గమనించవలెను’ అని ఉన్నందున డెక్కు మీద ఒక మనిషిని నిలబెట్టారు. అతను గంటకోసారి పుస్తకంలో ‘మంచు లేదు’ అని రాసి వేలిముద్ర వెయ్యాలి. ఫిబ్రవరి పదకొండున మధ్యాహ్నం రెండు గంటల గడి ఖాళీగా ఉండిపోయింది. ఆ గంటలో మంచు పడిందా లేదా తేల్చడానికి ముగ్గురు సభ్యులతో విచారణ జరిగింది. పడలేదనడానికి ఆధారాలు లేవని తేలింది.

ఆ మనిషి మైలపల్లి నూకరాజు. దానమ్మకి మరిది. గడి ఖాళీగా ఉన్నందుకు అతను చెప్పిన సంజాయిషీ, ఉన్ని బూట్లు విప్పి కాళ్ళు సముద్రంలో పెట్టుకోడానికి వెళ్ళానని. చలిదుస్తులు లేకుండా మంచు దగ్గరికి వెళ్ళరాదని నియమం ఉంది గనక ఖలాసీలందరికీ ఆ బూట్లు తప్పనిసరి చేశారు. ఎలకలు కొరికినవి కొరకగా తొంభై జతలు మిగిలాయి. నూకరాజు వాటితో ఐసు మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నప్పుడు, ఈ అక్షాంశం వద్ద మంచు ఉండదు గనక జారుటకు కారణం చెమట అని వైద్య విభాగం రాసింది. అతను ఆ కట్టుతోనే వచ్చి మెట్ల దగ్గర వదినకి చూపించాడు.

“నా కాళ్ళు పులుసులో ముక్కల్లా ఉడికిపోతన్నాయే వదినా. ఉప్పూ కారం ఏసుకుంటే తినీవచ్చు.”

“నీ కాళ్ళెవుడు తింటాడ్రా, కుక్క కూడా వాసన సూసి ఎల్లిపోద్ది,” అంది దానమ్మ.

దానమ్మ రేవు నుంచి బజారుకి గంప మోసుకెళ్తూ రోజూ ఈ మెట్ల దగ్గర ఆగుతుంది. ఆచారం గల ఇంటివాడు చేపలగంపని గుమ్మంలో దింపనిస్తాడేమిటని వీధిలో మొదట్లో అనుకున్నారు. పరాంకుశం ముందర ఆమె దోసిట్లో నీళ్ళు పోసేవాడు. ఎప్పట్నుంచో తనకే తెలియకుండా చెంబు చేతికివ్వడం మొదలెట్టాడు. భార్య పోయాక అతనితో రోజూ మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. మాట్లాడేది ఆమె; అతను వినేవాడు. కవళ్ళు ఎప్పుడు గుంపు కడతాయో, కానాగంతలు ఏ గాలికి వస్తాయో అతనికి నోటికి వచ్చు. వాటిలో ఒక్క చేపనీ తను తినలేదు.

ఆ ఏప్రిల్ ఉదయం ఆమె చెంబు అందుకుని తాగలేదు.

“ఐసు ఫ్యాక్టరీ కాడికెల్తే లేదంతన్నారు పంతులు బాబూ. ఓడకంట. వారం వారం ఓడకేనంట,” అంది. “ఓడేటి బాబూ, సేపలా సచ్చిపోయి కుల్లిపోద్దా?”

ఊళ్ళో ఉన్నది ఒకటే ఫ్యాక్టరీ. రోజుకి పాతిక దిమ్మలు. ఓడకి నలభై పోగు చెయ్యాలంటే ముందు రెండు రోజులూ బోట్లకి బందు. వారంలో రెండు రోజులు పట్టిన చేప పట్టినట్టే కుళ్ళుతోంది. గంపలోది అప్పటికే కళ్ళు మసకేసింది. మీరు ఆ ఆఫీసులోనే గదా, ఓ మాట సెప్పండి బాబూ అంది. ఆమె అడిగిన తీరులో ఫిర్యాదు లేదు. దారిలో రాయి ఉంది, పక్కకి తొయ్యండి అన్నట్టుంది. అదే అతనికి గుచ్చుకుంది. ఆ రాయి పెట్టింది తనేనని ఆమెకి తెలియదు.

ఆ రోజే డైరెక్టరు గదిలోకి వెళ్ళాడు. ఇంకా అయిదేళ్ళ సర్వీసు మిగిలి ఉంది, అది పోవచ్చు. పోతే పోనీ అనుకున్నాడు, అనుకుంటున్నంతసేపూ తన ధైర్యాన్ని తనే పక్కనుంచి చూసి మెచ్చుకున్నాడు. ఇలా చూసుకునే ధైర్యం ఎంతోసేపు నిలవదని కూడా అతనికి తెలుసు. ఒక వాక్యం వదిలేశానండీ అని చెప్పాడు. ఏ వాక్యమో చెప్పాడు.

సుభద్రరాజు గారు నియమావళి తెప్పించి, రెండు వందల పద్నాలుగో పుట తీసి, పెన్సిలు మొనతో లైన్లు లెక్కపెట్టారు. రెండుసార్లు.

“ముప్ఫై రెండు. మూలంలో ఎన్ని?”

“ముప్ఫై రెండేనండి.”

“మరి మీరు వదిలేసినది ఎక్కడుండేదండీ? చోటేదీ?”

తన ఇంగ్లీషు సాగిపోయి, లైను పెరిగిందని, అందుకే తీశానని పరాంకుశం విడమర్చాడు. ఆయన శ్రద్ధగా విన్నారు. పుటలో ముప్ఫై మూడో పంక్తికి అవకాశమే లేనప్పుడు, లేని చోట ఉన్న వాక్యం గురించి కార్యాలయం ఆలోచించజాలదన్నారు. పోనీ మూలం తీసి చూద్దామంటే, అనువాదం ముగిసిన మూలం రహస్యపత్రమై సీలు పడుతుంది. అది తెరవాలంటే అనువాదంలో లోపం రుజువు కావాలి. రుజువు మూలంలో ఉంది. చివరికి లేచి వచ్చి, పరాంకుశం భుజం మీద చెయ్యి వేశారు. ఒంటరిగా ఉండేవాళ్ళకి ఇలాంటి భ్రమలు కలుగుతాయట. సెలవు పెట్టి తిరుపతి వెళ్ళి రమ్మన్నారు.

బయటికొచ్చాక పరాంకుశానికి కలిగిన మొదటి భావం సిగ్గుపడాల్సినది. తేలికపడ్డాడు. తప్పు ఒప్పుకున్నాను, వాళ్ళు పుచ్చుకోలేదు. ఇక అది నాది కాదు అనుకున్నాడు. వారం రోజులు ఆ తేలికని జేబులో పెట్టుకు తిరిగాడు. దానమ్మ అడిగితే, చెప్పాను అన్నాడు. అది అబద్ధం కాదు. అబద్ధం కాని మాట కూడా నోట్లో ఇంత చేదుగా ఉంటుందని అప్పుడే తెలిసింది.

పైగా ప్రతి కసరత్తుకీ ముందు అధ్యాయం చదవాల్సింది అతనే. పని చేసేవాళ్ళు నియమం విని చెయ్యాలని డైరెక్టరు గారి ఉత్తర్వు. పందిరి కింద బల్ల వేసి దాని మీద నియమావళి తెరిచి పెడితే, తొంభై మంది ముందు అతను వ్రతకథలా చదివి, ఖలాసీల కోసం తెలుగులో చెప్పేవాడు. పద్నాలుగు సార్లు చదివాడు. ప్రతిసారీ అధ్యాయం శీర్షికకీ మొదటి లైనుకీ మధ్య అతని గొంతు రవంత ఆగేది. ఊపిరి అందక అని అందరూ అనుకున్నారు.

మే నెలాఖరున, రోహిణి కార్తెలో, ఓడ యంత్రాలు చూసి వెళ్ళడానికి సోవియట్ నిపుణుడు ఒకడు రెండు రోజులు వస్తున్నాడని తెలిసింది. కార్యాలయంలో పండగ మొదలైంది. ఇన్ని వారాల హిమ నివారణకి సరైన ప్రేక్షకుడు దొరికాడు. మొదటి రోజు చిన్న ప్రదర్శన, మర్నాడు పదిహేనో కసరత్తు ఘనంగా చెయ్యాలని నిర్ణయించారు. నలభై దిమ్మలు చాలవు, ఎనభై. నాలుగు రోజుల నుంచి ఫ్యాక్టరీలో పుట్టిన ఐసంతా ఓడ గోదాములోకే వెళ్ళింది.

గెన్నాది ల్వోవిచ్‌కి అరవై ఏళ్ళుంటాయి. బట్టతల, చెమటకి తడిసి వీపుకంటుకున్న చొక్కా, ఎడంచేతికి చిటికెనవేలూ దాని పక్కదీ లేవు. పందిరి, మామిడాకుల తోరణాలు, ఊకలో దిమ్మలు, మోకాళ్ళ దాకా ఉన్ని బూట్లతో వరసగా నిలబడ్డ మనుషులు, అన్నీ చూసి పరాంకుశం వైపు తిరిగి, ఎవరిదైనా పెళ్ళా అని అడిగాడు.

మా క్లాసు క్రమశిక్షణకి ఇది నిదర్శనమని చెప్పమన్నారు సుభద్రరాజు గారు. పరాంకుశం చెప్పాడు.

 ముసలాయన సమ్మెటల చప్పుడు వింటూ నిలబడ్డాడు. తర్వాత నెమ్మదిగా, పరాంకుశం ఒక్కడితోనే మాట్లాడుతున్నట్టు మాట్లాడాడు. ఉత్తరాన తుపానులో కెరటాల తుంపర ఓడ మీద పడి పడినట్టే గడ్డకడుతుందన్నాడు. ఓడకి పైబరువు ఎక్కుతుంది. కొట్టకపోతే తిరగబడుతుంది. ఈ క్లాసు ఓడలోనే, వయసులో ఉన్నప్పుడు, రెండు రోజులు నిద్ర లేకుండా కొట్టాడు. వేళ్ళు అప్పుడు పోయాయి. పక్కన కొడుతున్నవాడు సముద్రంలోకి జారిపోతే, ఆగి చూడ్డానికి కూడా వీల్లేక కొడుతూనే ఉన్నారు.

“ఆ అధ్యాయం మొదట ఒక వాక్యం ఉంటుంది,” అన్నాడు. “అక్కర్లేని చోట మనిషిని ఈ పనికి పెట్టకూడదని రాశారు దాన్ని. మీ పుస్తకంలో అది లేదా?”

 పరాంకుశానికి ఇంతకంటే సుళువైన క్షణం ఇంకోటి రాదు. లేదు అనడానికి రష్యన్‌లో ఒకే మాట చాలు. కానీ ఆ ముసలి కళ్ళలోకి చూస్తూ, మీకు రెండు వేళ్ళు ఖర్చయిన వాక్యాన్ని నేను పేజీ అందం కోసం తీసేశాను అని ఎలా అనడం? నిజం చెప్పలేకపోవడానికి భయం ఒక్కటే కారణం కాదు. కొన్నిసార్లు మర్యాద కూడా.

“ఉంది,” అన్నాడు రష్యన్‌లో.

ఆయన ఏమంటున్నారని సుభద్రరాజు గారు ఆత్రంగా అడిగారు.

“బాగా చేస్తున్నారంటున్నారు,” అన్నాడు తెలుగులో.

ఒక్క నిమిషంలో రెండు భాషల్లో రెండు అబద్ధాలు. వాటి మధ్య తను ఎక్కడ ఉన్నాడో వెతుక్కుంటే ఎక్కడా లేడు. అక్కడికక్కడే డైరెక్టరు గారు ప్రకటించారు: విదేశీ నిపుణుల ప్రశంసల దృష్ట్యా ఇకపై కసరత్తు వారానికి రెండుసార్లు. ఐసు ఫ్యాక్టరీని ఏడాది పాటు పూర్తిగా ఓడకే కేటాయించేలా ఉత్తర్వు రేపు కసరత్తు కాగానే ఆ బల్ల మీదే సంతకం చేస్తారు.

ఆ సాయంత్రం దానమ్మ మెట్ల దగ్గరికి వచ్చేసరికి గంప ఖాళీగా ఉంది. అమ్ముడుపోయి కాదు, ఇసకలో గొయ్యి తీసి పూడ్చేసి వస్తోంది. చెయ్యి కడుక్కుని, చెంబు అందుకుని, ఈసారి మొత్తం తాగింది.

“రేపు బోట్లు దిగవంట బాబూ,” అంది. “ఎల్లుండి కూడా. ఐసు లేకుండా ఎల్లి ఏటి సేత్తారు? యాడాది పొడుగూ ఇంతేనంటే, మావోళ్ళు పారదీపు రేవుకి ఎల్లిపోతామంతన్నారు. ఇల్లిల్లూ.”

పరాంకుశం చెంబు వెనక్కి అందుకున్నాడు.

“మీరు సెప్పేరు గదా. ఏటన్నారు?”

“చోటు లేదన్నారు.”

“దేనికీ?”

“ఒక లైనుకి,” అన్నాడు. ఇక ఆపుకోలేక మొత్తం చెప్పేశాడు. పుస్తకం, ముప్ఫై రెండు, తను తీసేసిన మాట, ఈ పూట అన్న రెండు అబద్ధాలు. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు. ఆమె చివరిదాకా విని, అర్థం కానట్టు మొహం పెట్టింది. ఆమెకి అర్థం కానిది అతని పాపం కాదు.

“ఓ ముక్క రాయడానికి సోటు లేదా బాబూ అంత పుస్తకంలోన? మా బోటు మీద నెంబరు పెచ్చులూడిపోతే పక్కన రాసుకున్నాం. అంచుండదేటి దానికి?”

గంప చుట్టకుదురు తల మీద పెట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు ఉదయం తొమ్మిదికే డెక్కు ఇనుము చెప్పుల్లోంచి కాలుతోంది. ఎనభై దిమ్మలు పందిరి కింద గుట్టగా పేర్చి ఉన్నాయి. ఊకలోంచి నీళ్ళు సన్నగా కారి, డెక్కు అంచు నుంచి సముద్రంలో పడుతున్నాయి. అవతల చేపలరేవులో బోట్లు ఒకదానికొకటి కట్టేసి ఉన్నాయి. ఖలాసీలు బూట్లు తొడిగి, సమ్మెటలు ఎత్తి నిలబడ్డారు. మణికట్టు సరిగా అతకని నూకరాజు గునపాన్ని ఎడంచేత్తో పట్టుకున్నాడు. కుర్చీల్లో సుభద్రరాజు గారు, పక్కన గెన్నాది ల్వోవిచ్. బల్ల మీద నియమావళి, రెండు వందల పద్నాలుగో పుట దగ్గర తెరిచి ఉంది. దాని పక్కన సంతకం కోసం ఉత్తర్వు, తెల్లటి కాగితం మీద. ఎగిరిపోకుండా దాని మీద డైరెక్టరు గారి కలం.

పరాంకుశం బల్ల దగ్గరికి వచ్చాడు. పుట వైపు చూశాడు. తొమ్మిదేళ్ళుగా చూస్తున్న పుటే. కానీ ఇన్నాళ్ళూ అక్షరాలే చూశాడు. అక్షరాల చుట్టూ నాలుగు వైపులా బెత్తెడు తెల్లచోటు ఉందని ఎన్నడూ గమనించలేదు. మునుగుతున్న మనిషి లోతు చూస్తాడు గాని ఒడ్డు చూడడు కాబోలు అనుకున్నాడు. వెంటనే, ఈ పోలిక బాగుందే అని కూడా అనుకున్నాడు. అలా అనుకున్నందుకు తన మీద తనకి చిరాకు వేసింది. ఆ చిరాకులో తనని తను చూసుకోవడం మర్చిపోయాడు.

“కానివ్వండి,” అన్నారు సుభద్రరాజు గారు.

అతను ఉత్తర్వు మీద ఉన్న కలం తీసుకున్నాడు. గాలికి ఉత్తర్వు ఎగిరి, బల్ల మీంచి జారి, కారుతున్న నీళ్ళలో పడింది. దాన్ని పట్టుకోడానికి ఇద్దరు గుమాస్తాలు ఉన్ని బూట్లతో పరుగెత్తారు. పరాంకుశం అటు చూడలేదు. వంగి, పుట పక్కఅంచున, శీర్షికకీ మొదటి లైనుకీ నడుమకి బాణం గీసి, నిలువుగా, తొందర లేకుండా ఒక పొట్టి వాక్యం రాశాడు.  అక్షరాలు వంకరగా వచ్చాయి. పేజీ అందం పోయింది.

ఏం రాస్తున్నారని డైరెక్టరు గారు కుర్చీలోంచి అడిగారు.  ముసలాయన మెడ చాచి, రెండు వేళ్ళు లేని చేత్తో నుదుటి మీద చెమట తుడుచుకుంటూ చూస్తున్నాడు.

పరాంకుశం పుట అడుక్కి వచ్చాడు. ‘పంక్తులు: 32’. రెండు మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన మూడు వేసి, తన పొడి అక్షరాలు పెట్టాడు. కలం మూత బిగించి బల్ల మీద ఉంచాడు. గొంతు సవరించుకుని, ముందు రష్యన్‌లో, తర్వాత ఇంగ్లీషులో, ఆ తర్వాత నూకరాజుకి వినపడేటట్టు తెలుగులో, ఇప్పుడే చేర్చిన లైను నుంచి చదవడం మొదలుపెట్టాడు.